గంటత్త పట్టుకున్న స్టూలు

గంటత్త ఒక చర్చిని మేకు దిగ్గొట్టినట్టు భూమిలోకి దిగ్గొట్టింది. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. ఒకప్పుడు మెట్లెక్కి, ఆయాసపడి, పై మెట్టు మీద చెమట తుడుచుకుని మరీ లోపలికి వెళ్ళే చర్చి అది. ఇవాళ రోడ్డు మీద నిలబడితే దాని గడప మన పాదాలకి మోకాలి లోతు కింద ఉంటుంది. ఆవిడ గంట తాడు ఒక్కసారి లాగితే కట్టడం మొత్తం ఆవగింజంత కిందికి దిగేదట. అలా పూటపూటా, పెళ్ళయి వచ్చిన నాటి నుంచి జుట్టు నెరిసేదాకా లాగింది. ఎన్ని ఆవగింజలయ్యాయో లెక్కపెట్టే ఓపిక ఉన్నవాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

ఆవిడకి సొంత పేరొకటి ఉండే ఉంటుంది. పెళ్ళినాడు ఎవరో ఒకసారి పిలిచి ఉంటారు. ఆ తర్వాత ఊరందరికీ గంటత్తే. ఆవిడకంటే పెద్దవాళ్ళకీ అత్తే, చర్చి ఫాదర్‌గారికీ అత్తే. చర్చి గంట కొట్టే మనిషిని కట్టుకుని, గోపురంలో మొదటి అంతస్తు గదిలో కాపురం పెట్టింది. మెలికలు తిరిగే రాతి మెట్లు, పైన గుండ్రటి గది, గది మధ్యలోంచి కిందికి దిగే తాడు. అటొక కిటికీ, ఇటొక కిటికీ. కొత్త పెళ్ళికూతురు తాడుకి చీర ఆరేసిందని, ఆ ఉదయం మొగుడు గంట కొడితే చీర జెండాలా పైకీ కిందికీ ఎగిరిందని, కింద జనం అది కొత్త పద్ధతేమో అనుకుని తలలు వంచారని చెప్పుకుంటారు. చీర సంగతి నిజమే. తలలు వంచారన్నది మాత్రం చర్చి వడ్రంగి కలిపిన మాట. అతను కలపని మాట ఆ పేటలో ఏదీ లేదు.

అప్పట్లో చర్చి ముందు పెద్ద మైదానం. విత్తనాలమ్మేవాళ్ళు గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేవారు. వెనక కాలవ. పక్కన సమాధులు. గంట వేళకాని వేళ మోగిందంటే చాలు, విత్తనాల వాళ్ళు తూకపురాళ్ళు వదిలేసి పరిగెత్తుకొచ్చేవారు. ఒకసారి తాడు మీద బల్లి పాకిందని గంటత్త కెవ్వుమని తాడు లాగితే, సగం బజారు బిందెలతో నీళ్ళు పట్టుకొచ్చి గోపురం ముందు నిలబడింది.

తర్వాత సమాధులను ఊరి బయటికి తరలించి, ఆ జాగాలో బ్యాంకు కట్టారు. బ్యాంకు గోడ ఎంత దగ్గరగా వచ్చిందంటే గంటత్త గదిలో ఒక కిటికీ తెరిస్తే ఇటుకలు తప్ప ఏమీ లేవు. ఆ గూట్లో ఆవిడ గిన్నెలు సర్దుకుంది. కింద చర్చి పక్క తలుపు అదే గోడకి బలైపోయింది. కాలవను పూడ్చి రోడ్డు వేశారు, ఆ రోడ్డు చాలక దాని మీద ఫ్లైఓవర్ కట్టారు. ఫ్లైఓవర్ స్తంభం ఒకటి వచ్చి చర్చి వెనక తలుపుకి ఎదురుగా నిలబడింది. ఆ సందులోంచి పిల్లి దూరగలదు, అదీ బక్క పిల్లి అయితే. పైన, మిగిలిన కిటికీ ముందు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఫ్లైఓవర్ రెయిలింగు. బస్సులు ఆవిడ పొయ్యికి ఎదురుగా పోయేవి. జామ్ అయితే బస్సులో వాళ్ళు లోపలికి తొంగిచూసి, "పాలు పొంగుతున్నాయండీ" అని చెప్పి మరీ వెళ్ళేవారు.

విత్తనాల మైదానంలో అద్దాల మేడ లేచింది. అందులో చర్చి నీడ పడేది, గోపురం గడియారం తిరగేసి కనపడేది. ఆ గడియారం చూసుకుని ఒక ఆఫీసు మొత్తం ఏడాది పాటు తొమ్మిదింటికి రావాల్సినవాళ్ళు మూడింటికి వచ్చారంటాడు వడ్రంగి.

ఇక రోడ్డు. గుంతలు పడితే పాతది తవ్వరు, దాని మీదే కొత్త తారు పోస్తారు. ఒక్కో పొరకీ ఒక్కో మెట్టు మునిగింది. మెట్లన్నీ అయిపోయాక తలుపుల వంతు వచ్చింది. చర్చి పెద్ద తలుపులు బయటికి తెరుచుకుంటాయి. రోడ్డు గడప దాటి పైకొచ్చాక, పొర పడ్డప్పుడల్లా తలుపు కింది అంచు కొయ్యాల్సిందే. తలుపులు లోపలికి తెరుచుకునేలా మార్చుకోవచ్చు కదా అంటే, అది పాత కట్టడం, చరిత్ర ఉన్నది, తిప్పకూడదన్నారు పైవాళ్ళు. కొయ్యొచ్చా అంటే, కొయ్యడం మరమ్మతు కిందకి వస్తుంది, కోసుకోండి అన్నారు. ఆ తలుపుల మీద ఒక గొర్రెల కాపరి చెక్కడం ఉంది. మొదట గొర్రెల గిట్టలు పోయాయి, తర్వాత కాళ్ళు, ఆపై గొర్రెలే పోయాయి. ఇప్పుడు కాపరి ఒక్కడే మోకాళ్ళ లోతు వరదలో నిలబడి, ఎటు పోయాయా అన్నట్టు చూస్తుంటాడు.

ఇంతకీ ఈ వ్యవహారానికి ఒక పద్ధతుండేది. తారు పోసే ముందు రోజు రోడ్డు మేస్త్రి వచ్చి గంటత్తకి చెప్తాడు. ఆవిడ ఒక తలుపు రెక్క బార్లా తీసి, ఒక నున్నటి రాయి అడ్డం పెడుతుంది. తారు గట్టిపడ్డాక వడ్రంగి వచ్చి, తెరిచి ఉన్న రెక్క కింద ఎంత కొయ్యాలో చూసుకుంటాడు, ఊడదీసి కోస్తాడు. ఆ రాయి ఒకప్పుడు విత్తనాల వాళ్ళ తూకపురాయి. మొగుడు పోయాక గంట కొట్టడం, తలుపు తియ్యడం, రాయి పెట్టడం, మూడూ ఆవిడ ఒక్కదానివే అయ్యాయి. "ఇంకో మనిషి దొరికేదాకా" అన్నాడు చర్చి కమిటీ పెద్ద. ఆ మాట అన్నప్పుడు ఆయన మీసం నల్లగా ఉండేది.

గంటత్తకి ఒక చెల్లెలు. ఊరి చివర, బస్సు ఆఖరి స్టాపు దాటాక, పెరడున్న చిన్న ఇల్లు. చెల్లెలూ ఒంటరి ప్రాణమే. ఆ ఇంట్లో ఒక గది అక్క కోసమని ఖాళీగా ఉంచింది. గంటత్త ఒకసారి వెళ్ళి ఆ గది చూసొచ్చింది. కిటికీ తెరిస్తే ఎదురుగా ఏమీ లేదు. గోడ లేదు, బస్సు లేదు, అద్దం లేదు. ఖాళీ నేల, దాని చివర ఆకాశం. ఆవిడ ఆ కిటికీ ముందు ఎంతసేపు నిలబడిందంటే చెల్లెలు వచ్చి భుజం తట్టి, "ఏం కనపడుతోందే?" అంది. "ఏం కనపడట్లేదు," అంది గంటత్త, ఎవరో పండగ చీర కొనిపెట్టినట్టు మొహం పెట్టుకుని.

అయినా వెళ్ళలేదు. ఏడాదికోసారి చెల్లెలు రమ్మనడం, ఏడాదికోసారి ఏదో అడ్డం పడటం. చివరికి కమిటీ వాళ్ళు గంటకి కరెంటు మోటారు పెట్టించారు. మీట నొక్కితే గంట దానంతటదే మోగుతుంది. తాడు తీసేశారు. గది మధ్యలో తాడు లేకపోయేసరికి గంటత్తకి పక్షం రోజులు తల తిరిగింది, పట్టుకోవడానికి ఏమీ లేక. కానీ దారి మాత్రం దొరికింది. చెల్లెలు ఖచ్చితంగా చెప్పేసింది: "వచ్చే ఆదివారం నేనే టాక్సీ వేసుకుని వస్తాను. గదికి అద్దెవాళ్ళు వచ్చి అడుగుతున్నారు. వాళ్ళని ఆదివారం సాయంత్రం రమ్మన్నాను. నువ్వు నా పక్కన ఉంటే లేదని చెప్తాను. లేకపోతే తాళం చేతిలో పెట్టేస్తాను. తర్వాత నన్నని లాభం లేదు."

శనివారం మేస్త్రి వచ్చాడు. "అత్తా, రేపు పొద్దున పోస్తున్నాం. ఆదివారం బండ్లు ఉండవు కదా. రాయి పెట్టుకో."

"పెడతాలే," అంది గంటత్త. పెట్టింది కూడా.

ఆదివారం పొద్దున సంచీ సర్దుకుంది. ఇన్నేళ్ళ కాపురం ఒక్క సంచీలో ఎలా పడుతుంది? మీద కూర్చుంటే ఒక పక్క మూసుకుంటుంది, ఇంకో పక్క నోరు తెరుస్తుంది. అణిచి పెట్టడానికి బరువు కావాలి. కిందికి దిగింది, గుమ్మంలో రాయి కనపడింది, తీసుకుని పైకెక్కింది. సంచీ మీద పెట్టి కట్టింది. ఎంత చక్కగా కుదిరిందో చూసుకుని మురిసిపోయింది. కింద ప్రార్థన మొదలయ్యే వేళకి, ఫ్లైఓవర్ హారన్లు వినపడకుండా ప్రతి ఆదివారం చేసినట్టే తలుపులు దగ్గరకి లాగి వేసింది. చేతులకి అలవాటైన పని. తల ఊరి చివర కిటికీ దగ్గరుంది.

లోపల పాటలు పాడుతున్నంతసేపూ బయట రోలరు చప్పుడు వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ చర్చిలో రోలరు చప్పుడు పట్టించుకుంటే ఇక పాట పాడలేరు.

ప్రార్థన అయింది. గంటత్త తలుపు తోసింది. కదల్లేదు. భుజం పెట్టి తోసింది. కమిటీ పెద్ద వచ్చి, "జరుగు అత్తా," అని తను తోశాడు. వెనక నలుగురు కలిశారు. తలుపు కింది సందులోంచి వేడి తారు వాసన వచ్చింది తప్ప తలుపు రాలేదు.

"రాయేదీ?" అన్నాడు వడ్రంగి.

గంటత్త పైకి చూసింది. కొంప మునిగిందని అప్పుడర్థమైంది.

గంట కొడదామన్నారు. వేళకాని వేళ కొడితే ఎవరైనా వస్తారు కదా అని మీట నొక్కారు. మోటారు చక్కగా మోగించింది. అద్దాల మేడలో ఎవరో కిటికీ మూసుకున్నారు. అంతకు మించి ఊళ్ళో ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. తారు పోసినవాళ్ళు అప్పటికే పక్క వీధికి వెళ్ళిపోయారు, వాళ్ళ రోలరు ముందు ఈ గంట ఏ మూలకి?

అప్పుడే రోడ్డు అవతల టాక్సీ ఆగిన చప్పుడు, వెంటనే చెల్లెలి గొంతు. తారు పొగలు కక్కుతోంది, కాలు పెట్టే వీలు లేక అక్కడి నుంచే కేకేసింది.

"అక్కా, అయిందా? రా."

గంటత్త తలుపు సందుకి నోరు ఆనించింది. "తలుపు రావట్లేదే."

"ఏంటీ?"

"రోడ్డేశారు. తలుపు తెరుచుకోవట్లేదు."

"పోయినేడు పావురాలు గుడ్లు పెట్టాయన్నావు," అంది చెల్లెలు. "అంతకుముందు తాడు పీచు లేచిందన్నావు. ఆ ముందు ఫాదర్‌గారికి జలుబన్నావు."

"ఆయనకి నిజంగానే జలుబే."

"ఆయనకి జలుబైతే నువ్వెందుకే ఆగడం? ముక్కు నువ్వు తుడవాలా?"

లోపల ఫాదర్‌గారు చెప్పుల వైపు చూసుకున్నారు. తర్వాత ఆయనే ముందుకొచ్చి సందులోంచి, "నిజమేనమ్మా, మేమంతా ఇక్కడే ఉండిపోయాం," అన్నారు.

"మీరు దాన్ని వదలరని నాకు తెలుసండి," అంది చెల్లెలు. "అక్కా, ఆఖరిసారి అడుగుతున్నా. వస్తున్నావా, రావట్లేదా?"

"వస్తున్నానే. తలుపే రావట్లేదు."

టాక్సీ తలుపు వేసిన చప్పుడైంది. బండి కదిలి పోయింది. గంటత్త సందులోంచి కన్ను తీయకుండా కొంచెంసేపు అలాగే వంగి ఉండిపోయింది. నడుం పట్టేసిందేమోనని వడ్రంగి చెయ్యి పట్టి లేపాడు.

"పైన నీ కిటికీ ఉంది కదత్తా," అన్నాడు.

ఆ కిటికీకి ఊచలు లేవు. పాత కట్టడం, ఊచలు బిగించడానికి ఒప్పుకోలేదు. మోకరించే బల్ల ఒకటి మెలికల మెట్లలోంచి పైకి తెచ్చి, కిటికీ నుంచి ఫ్లైఓవర్ రెయిలింగు మీదికి వంతెనలా వేశారు. వడ్రంగి ముందు దాటి అవతలి కొస పట్టుకున్నాడు. ఇక కిటికీ ఎత్తుకి ఎక్కాలంటే స్టూలు కావాలి. గంటత్త గదిలో ఉన్నది ఒక్కటే స్టూలు, దానికి ఒక కాలు పొట్టి. కింద పెద్ద బెంచీలు ఉన్నాయి కానీ ఆ మెలికల్లో తిరగవు. కమిటీ పెద్ద స్టూలు పట్టుకున్నాడు, మొదటి మనిషి ఎక్కగానే అది ఒరిగింది, ఇద్దరూ గిన్నెల గూట్లో పడ్డారు. గంటత్త ఆయన్ని పక్కకి జరిపి, పొట్టి కాలు కింద తన పాదం పెట్టి, రెండు చేతులతో అంచు పట్టుకుంది. స్టూలు రాయిలా నిలబడింది. ఆ తర్వాత ఇంకెవర్నీ పట్టుకోనివ్వలేదు జనం.

ఒక్కొక్కరే ఆవిడ మంచం పక్కనుంచి, ఆవిడ పొయ్యి పక్కనుంచి, ఆవిడ సంచీ దాటుకుంటూ వచ్చి, ఆవిడ పాదం మీద నిలబడ్డ స్టూలెక్కి గోడలోంచి బయటపడ్డారు. ఫ్లైఓవర్ మీద పోయేవాళ్ళకి ఇదెక్కడి వింత? గోపురం కిటికీలోంచి ఆదివారం బట్టలేసుకున్న జనం వరసగా ఊడిపడుతుంటే బండ్లన్నీ ఆగిపోయాయి. జామ్ అయింది. ఆ జామ్‌లో, సరిగ్గా కిటికీ ముందు, చెల్లెలి టాక్సీ వచ్చి ఆగింది. తారు వీధులన్నీ చుట్టుకుని వచ్చినా ఊరి చివరికి వెళ్ళే దారి ఆ ఫ్లైఓవరే మరి.

చెల్లెలు టాక్సీ అద్దం దించింది. అక్క మొహం కనపడింది, స్టూలు మీద నిలబడ్డవాళ్ళ మోకాళ్ళ మధ్య నుంచి.

"తలుపు నిజంగానే రాలేదా?" అంది చెల్లెలు.

"చెప్పాను కదే."

"సరే, ఇటు రా. ఇక్కడే ఎక్కు. బండి ఆగే ఉంది కదా."

"ఈ పాటలావిడ దిగనీ."

స్టూలు మీద ఉన్నది పాటల బృందంలో అందరికంటే భారీ మనిషి. కిటికీలో సగం పట్టి, ముందుకీ వెనక్కీ రాలేక, "అత్తా, వదలకు తల్లీ," అంటోంది.

"వదల్లేదమ్మా, నువ్వు ఎడమ భుజం ముందు పెట్టు."

"అక్కా, సంచీ ఇటు అందుకోనా?"

"చేతులు ఖాళీ లేవే."

"ఎవర్నైనా పట్టుకోమనవే."

"పడతారే."

"పడితే పడనీ. ఒక్కసారి."

గంటత్త వెనక్కి చూసింది. మెట్ల మీద కిందిదాకా జనం. ముసలాళ్ళు, చంకల్లో పిల్లలున్నవాళ్ళు. అందరూ ఆవిడ చేతుల వైపే చూస్తున్నారు. పాదం తిమ్మిరెక్కింది. వేళ్ళు కదిపి చూసింది, స్టూలు చిన్నగా ఊగింది, పాటలావిడ కెవ్వుమంది. మళ్ళీ గట్టిగా పట్టుకుంది.

పాటలావిడ ఎట్టకేలకి అవతల పడింది. అంతలో ముందు బండ్లు కదిలాయి, టాక్సీ వెనక ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా హారన్లు అందుకున్నారు. డ్రైవరు, "అమ్మా, ఇక్కడ ఆపితే నన్ను చంపేస్తారు," అన్నాడు. చెల్లెలు చెయ్యి బయటికి చాచింది. బల్ల మీద ఇంకో మనిషి అడ్డం వచ్చాడు. అతను దాటేసరికి అక్కడ టాక్సీ లేదు, దాని వెనక బస్సు ఉంది. బస్సులో ఒకాయన గంటత్తకి నమస్కారం పెట్టాడు.

అందరూ దిగారు. ఆఖరున ఫాదర్‌గారు స్టూలెక్కి, "ఇప్పుడే మనిషిని పంపిస్తానత్తా," అని దాటారు. ఆయన్నీ, అవతల బల్ల పట్టుకున్న వడ్రంగినీ, ఫ్లైఓవర్ మీద మిగిలినవాళ్ళనీ పోలీసులు వచ్చి కిందికి తోలేశారు. బల్లని కూడా తీసేశారు, బండ్లకి అడ్డమని. గంటత్త స్టూలు ముందు నిలబడింది. ఎక్కి చూసింది. పొట్టి కాలు ఒరిగింది, దిగింది. చర్చి మొత్తానికీ తనొక్కతే. గంట మోటారు మీట ఎవరూ ఆపలేదేమో, పైన ఇంకా మోగుతూనే ఉంది.

మేస్త్రి మనుషులొచ్చి తారు తవ్వి తలుపు విడిపించేసరికి పొద్దు వాలింది. గంటత్త బ్యాంకు ముందున్న ఫోను దగ్గరికి వెళ్ళి చెల్లెలికి చేసింది.

"తాళం ఇచ్చేశానక్కా," అంది చెల్లెలు. "వాళ్ళు సామాను కూడా దింపుకున్నారు. ముసలి తల్లి ఉంది, పొమ్మని ఎలా అనను?"

"అనకు."

"ఒక్క స్టూలు వదల్లేకపోయావు."

"పాటలావిడ ఉందే దాని మీద."

కాసేపటికి చెల్లెలు, "ఏమైనా తిన్నావా?" అంది.

ఆ గొడవ జరిగాక పైవాళ్ళకి కనువిప్పయింది. చరిత్ర ఉన్న తలుపుని తిప్పకూడదు కాబట్టి, శాశ్వతంగా మూసేశారు. కాపరి వరదలో అలాగే ఉన్నాడు, తారు ఇక ఎంత పోసినా ఆయనకి నష్టం లేదు. చర్చికి దారి గోపురం మీంచే అన్నారు. గంటత్త కిటికీని వెడల్పు చేసి గుమ్మం చేశారు, ఫ్లైఓవర్ పక్క నడకదారి నుంచి ఇనప వంతెన వేశారు. ఇప్పుడు ఊరంతా చర్చిలోకి వెళ్ళేది ఆవిడ గదిలోంచే. ఆవిడ మంచానికి ఒక తెర కట్టారు. పొయ్యి పక్కన "దయచేసి తాకవద్దు" అని బోర్డు పెట్టారు, పొయ్యి కూడా చరిత్రే అనుకుని కొందరు ఫొటోలు తీసుకుంటారు. కిటికీ కింద వడ్రంగి గట్టి మెట్లు బిగించాడు. ఎంత గట్టివంటే, ఎవరూ పట్టుకోనక్కర్లేదు, ఎవరైనా ఎప్పుడైనా ఎక్కి వెళ్ళిపోవచ్చు. గుమ్మం తియ్యడానికీ వెయ్యడానికీ ఒక మనిషి ఉండాలి కదా అన్నాడు కమిటీ పెద్ద, ఇంకో మనిషి దొరికేదాకా.

సంచీ మంచం కింద ఉంది, కట్టు విప్పలేదు. చీర కావాల్సి వస్తే పక్కనుంచి చెయ్యి పెట్టి లాక్కుంటుంది. రాయి గుమ్మం దగ్గర ఉంది. పొట్టి కాలు స్టూలు మీద ఆవిడే కూర్చుంటుంది, పాదం కింద పెట్టుకుని.

చూడ్డానికొచ్చినవాళ్ళకి వడ్రంగి అక్కడే నిలబడి కథ చెప్తాడు, గంట కొట్టీ కొట్టీ ఈవిడే చర్చిని భూమిలోకి దిగ్గొట్టిందని. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి ఆవిడ వైపు తిరిగితే, గంటత్త టీ గిన్నె మీంచి చూపు తిప్పకుండా అంటుంది:

"చర్చి ఎక్కడికీ దిగలేదు. రోడ్డు పైకొచ్చింది. నాకు వెళ్ళాలనే ఉండేది. స్టూలు పట్టుకోవడానికి ఇంకో మనిషి లేరు."